ఒక విరామచిహ్నము – మానవజాతిపై నేరములు

1945 ఆగస్టు 8న లండనులో నాలుగు రాజ్యములు సంతకము చేసిన న్యూరెంబర్గు న్యాయస్థాన శాసనము, తన ఆరవ అధికరణమున, మానవజాతిపై నేరములను నిర్వచించినది. ఆంగ్ల, ఫ్రెంచి పాఠములందు హత్యాదులను చెప్పు భాగమునకును, జాతిమత పీడనలను చెప్పు భాగమునకును నడుమ సెమికోలన్ ఉండెను. రష్యను పాఠమున కామా. పాఠభేదములతో ప్రొద్దుపుచ్చు మనకిది వింతగాదు. సెమికోలన్ నిలిచినచో హత్యాదులు యుద్ధసంబంధము లేకయే నేరములగును; కామా యైనచో అవియును యుద్ధముతో ముడిపడవలెను. అక్టోబరు 6న బెర్లినులో కామాయే స్థిరపడినది. 1939కి పూర్వము జర్మనీలో యూదులపై జరిగిన దౌర్జన్యములు ఘోరములని చెప్పియు, 1946 నాటి తీర్పు వానిని ఈ నేరముక్రింద చేర్చుటకు వెనుదీసినది. 1998 నాటి రోము శాసనమున ఆ ముడి లేదు. మన శిక్షాస్మృతిలోనో, నేటికిని ఈ నేరమే లేదు. 1984 నాటి సిక్కుల ఊచకోత వ్యాజ్యమున ఢిల్లీ హైకోర్టు 2018లో ఈ లోపమును ఎత్తిచూపినది.