పైరును, బంజరును, పక్షులును

మనుష్యులు పెరిగిరి గనుక పక్షులు తగ్గినవని పలువురనుచుందురు. ఆ మాటతో విచారణ ముగిసినట్లే తలంతురు. మనుష్యసంఖ్య పెరిగినమాట నిజమే. 1901వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశపు జనులు దాదాపు 24 కోట్లు. 1951లో 36 కోట్లు. 2011లో 121 కోట్లు. ఇందఱికి కూడు కావలయును. కూటికి నేల కావలయును. కాని జనులు పెరిగినచోట పక్షులన్నియు నొక్కరీతిగా తగ్గలేదు. కాకియు గోరువంకయు మన యూళ్ళనంటి బ్రదుకుచుండగా, పొదలలో వసించు పక్షులు కానరాకున్నవి. కావున జనసంఖ్య యొక్కటియే కారణము కాజాలదు. ఆ జనులు నేలను ఏ దృష్టితో చూచిరి, ఎట్లు వాడుకొనిరి యనునదియే ముఖ్యమని మాకు తోచుచున్నది. మా మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల చరిత్రనుబట్టి దీనిని విచారింతము.

ఈ మూడును సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు పైనున్న మెట్టసీమలు. వానయు, చెఱువును, బావియు వీనికి ఆధారములు. పరిపాలనమున మాత్ర మివి వేర్వేఱుగా నుండెను. మదనపల్లె 1800లో నిజామునుండి ఇంగ్లీషు కంపెనీకి వచ్చిన దత్తమండలములలోనిదై కడపజిల్లాలో చేరెను. పుంగనూరు ఒక జమీందారీ. కుప్పము కంగుంది జమీందారీలోనిది. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడినపుడు ఇవి యొక్కజిల్లాలోనివయ్యెను.

దత్తమండలములకు 1800 మొదలు 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో పొలములను కొలిపించి శిస్తు కట్టించెను. అట్టి లెక్కలలో శిస్తు వచ్చు నేల యొక తెగ, రాని నేల మఱియొక తెగ. ఆ రెండవదానికే బంజరని పేరు. లెక్క వ్రాయువానికి ఆ విభాగము కావలసినదే. కాని కాలక్రమమున ఆ లెక్కమాట లోకపుమాట యయ్యెను. పన్ను రాని నేల పనికిరాని నేలయని మనమును నమ్మితిమి. గొఱ్ఱెలు మేయునది, పొయ్యిలోనికి పుల్లలు దొరకునది, కౌజులును పూరేళ్ళును గ్రుడ్లు పెట్టునది ఆ నేలయందే యని మఱచితిమి.

ఈ మఱపువలని నష్టమునకు కలివికోడి కథయే సాక్ష్యము. మదనపల్లె యొకప్పుడు చేరియుండిన కడపజిల్లాలోనిదే యీ పక్షి. ముండ్లపొదలు పలుచగానున్న చిట్టడవులలో రాత్రివేళ సంచరించును. వైద్యుడును పక్షిశాస్త్రజ్ఞుడునైన జెర్డను దీనిని సేకరింపగా, 1848లో ఇది నూతనజాతిగా వర్ణింపబడెను. 1900 తర్వాత ఎనుబదియైదేండ్లు శాస్త్రజ్ఞులకు కనబడలేదు, నశించినదనియే తలంచిరి. 1986 జనవరిలో లంకమల కొండలచెంత గ్రామస్థుడొకడు రాత్రి దీపపు వెలుగున నొకదానిని పట్టుకొనగా, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు అది యదియే యని తేల్చిరి. పంటకు పనికిరాదని మనము నఱకివేయు పొదయే దానికి లోకము. తర్వాత తెలుగుగంగ కాలువ దాని నెలవుమీదుగా పోబోగా, కాలువదారినే మార్చవలసివచ్చెను. ఆ నేల వట్టి బంజరు కాదని ప్రభుత్వమే యొప్పుకొన్నట్లయ్యెను.

అట్లని వ్యవసాయము పక్షులకు పుట్టుకతో శత్రువు కాదు. మా బాల్యమున పుంగనూరు మెట్టలలో రాగి, సజ్జ, అనుము, ఉలవ, వేరుసెనగ పండుచుండెను. మంచెపై కూర్చుండి ఒడిసెల త్రిప్పుచు పిల్లలము చిలుకలను తోలెడివారము. అవి కొన్ని కంకులు కొట్టెడివి, నష్టము లేదనము. కాని పిచ్చుక తన కూనలకు ముఖ్యముగా పెట్టునది గింజ కాదు, పురుగు. కోత యయిన పిమ్మట చేను కొంతకాలము బీడుపడియుండెడిది, గట్లపై పొదలుండెడివి. పక్షి చేనిలో మేసి గట్టున గూడు కట్టుకొనెడిది.

తర్వాత బోరుబావులు వచ్చెను. మదనపల్లె టమాటా విపణి దేశమున పేరుగాంచెను. దీనికి రైతును నిందింపము. అప్పులలో నున్నవానికి రొక్కము తెచ్చు పంట యెట్లు చేదగును? కాని గట్లు చదునయ్యెను. బీడు విడుచు కాలము లేకపోయెను. మాటిమాటికి పురుగుమందు చల్లవలసివచ్చెను. పురుగు చచ్చినచోట పురుగుమేయు పిట్టకు కూడు లేదు. బోరును నమ్మినకొలది చెఱువుల పూడిక తీయుట మఱచితిమి. కుప్పము వైపున గ్రానైటుకై గుట్టలను కోయుచున్నారు. దక్షిణదేశపు రాతికొండల పొదలలో దప్ప మఱియెందును లేని పసుపుగొంతు పికిలిపిట్ట మా హార్సిలీకొండపై గలదు. గుట్టయే పోయినచోట అట్టి పక్షి కాశ్రయమేది?

మనుష్యుల యాకలి తీఱకుండ పక్షులమాట యేల యని కొందఱడుగవచ్చును. 1958లో చీనాదేశమున నిట్లే తలంచి, ధాన్యము తినుచున్నవని పిచ్చుకలను దేశమంతట వెంటాడి చంపించిరి. పైరులపై పురుగులు ప్రబలగా 1960లో ఆ పని మానిరి. అప్పటికే యచ్చట ఘోరమైన కఱవు నెలకొనియుండెను. ఆ కఱవునకు వేఱు కారణములును గలవు. కాని పక్షిని చంపి పంటను పెంచవచ్చునను నమ్మకము మాత్రము తప్పని తేలినది.

దయ యొక్కటియు చాలదు. అనంతపురపు సీమలో చిలమత్తూరునకు చేరువనున్న వీరాపురమునకు రంగురెక్కల కొంగలు ఏటేట వచ్చి, ఊరిచెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. ఊరివారు వానిని కొట్టరు, కొట్టనీయరు. అయినను చెఱువులెండిన యేండ్లలో మేత దొరకక అవి యిడుమలపాలయ్యెను. మదనపల్లెకు సమీపముననున్న ఋషివ్యాలీలో ఈ మర్మము గ్రహించి, బోడికొండలపై చెట్లు పెంచి, వాననీటిని నిలిపి, 1991లో ఆ లోయను పక్షులకు రక్షణస్థలముగా నేర్పఱచిరి. అచ్చటి పక్షులను గూర్చియు, వాని నెలవుల పునరుద్ధరణమును గూర్చియు రంగస్వామి, శ్రీధర్ అనువారు 1993లో గ్రంథము ప్రకటించిరి.

వాకిట వరికంకుల కుచ్చు కట్టు మన యాచారము మంచిదే; అది పిచ్చుకకు కొంత మేతయగును. కౌజునకు కావలసినది గట్టున నఱకక విడిచిన పొద; కొంగకు కావలసినది పూడిక తీసిన చెఱువు. ఈ రెండును రైతునకును మేలే.

ఇంతకాలము మేము బడిలో బంజరు అను మాటకు పంట పండని నేలయని యర్థము చెప్పుచుంటిమి. ఇకమీదట మనుష్యుడు పంట వేయని నేలయని చెప్పదలచితిమి.