1966లో మొరార్జీ గెలిచి ఉంటే?

ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి 1966 జనవరి 11న తాష్కెంట్‌లో కన్నుమూశారు. గుల్జారీలాల్ నందా తాత్కాలిక ప్రధాని అయ్యారు. కొత్త నేతను ఎన్నుకునేందుకు జనవరి 19న కాంగ్రెస్ ఎంపీలు ఓటేశారు. ఇందిరా గాంధీకి 355, సూరత్ ఎంపీ మొరార్జీ దేశాయ్‌కి 169 ఓట్లు వచ్చాయి.

ఫలితం తారుమారు కావాలంటే 94 మంది ఇందిరను వదిలి మొరార్జీ వైపు రావాలి. అదంత తేలిక కాదు. పార్టీ అధ్యక్షుడు కామరాజ్, ఎక్కువ మంది ముఖ్యమంత్రులు ఇందిర పక్షాన నిలిచారు. మొరార్జీ ఎవరి మాటా వినే రకం కాదన్నది వారి భయం. వారు తటస్థంగా ఉంటేనే ఆయనకు దారి దొరికేది.

ఒకవేళ గెలిచినా, కరవు, యుద్ధభారం, విదేశీ సాయం కోసం ఎదురుచూపులు తప్పేవి కావు. అసలు తేడా 1969లో కనిపించేది. బ్యాంకులపై ‘సామాజిక నియంత్రణ’ చాలన్నది మొరార్జీ వాదన. ఆయన నుంచి ఆర్థిక శాఖను తీసేసుకున్న మూడు రోజులకే, జులై 19న, ఇందిర 14 బ్యాంకులను జాతీయం చేశారు.

తెలుగువారికి మరో ప్రశ్న ముఖ్యం. అదే ఏడాది రాష్ట్రపతి ఎన్నికలో ఇందిర ‘అంతరాత్మ ప్రబోధం’ పిలుపుతో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి వి.వి.గిరి చేతిలో ఓడారు. కొద్ది నెలలకే పార్టీ చీలింది. మొరార్జీ ప్రధానిగా ఉంటే సొంత పార్టీ అభ్యర్థికి ప్రధానే అడ్డుపడే పరిస్థితి బహుశా వచ్చేది కాదు.

చివరకు 1977లో ఇద్దరికీ పదవులు దక్కాయి. సంజీవరెడ్డి ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. మొరార్జీని ప్రధానిగా ఖరారు చేసింది మాత్రం ఎంపీల ఓట్లు కాదు, జయప్రకాశ్ నారాయణ్, కృపలానీల నిర్ణయం.