బంతి పెంపకం (ఉప్పాడ తీరం)

బంతి ఆస్టరేసి కుటుంబానికి చెందిన ఏకవార్షిక పూల మొక్క. దీని జన్మస్థానం మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. తోటలలో ముఖ్యంగా రెండు జాతులను పెంచుతారు. రెండు మూడు అడుగుల ఎత్తు పెరిగి పెద్ద పూలు పూసేది టాజెటిస్ ఎరెక్టా. పొట్టిగా, గుబురుగా పెరిగి చిన్న పూలు పూసేది టాజెటిస్ పాట్యులా. రేకులు ఒత్తుగా ఉన్న పూలను ముద్దబంతి అని, ఒంటి వరుస రేకులు గలవాటిని రేకబంతి అని అంటారు.

తీరప్రాంతపు పరిస్థితులు

ఉప్పాడ బంగాళాఖాతం ఒడ్డున, కాకినాడకు సమీపంలో ఉన్న గ్రామం. 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం ఏర్పడిన కాకినాడ జిల్లాలో చేరింది. ఇటువంటి సముద్రతీర గ్రామాలలో పూల మొక్కలకు మూడు ఇబ్బందులు కలవు. ఇసుక నేల నీటిని, ఎరువును నిలుపుకోదు. సముద్రపు గాలి మోసుకువచ్చే ఉప్పు తుంపరలకు ఆకుల అంచులు మాడుతాయి. మూడవది తుఫాను. సంక్రాంతికి పూలు కావాలంటే అక్టోబరులో విత్తాలి; ఈ తీరానికి తుఫానుల కాలమూ అదే. కోనసీమను ధ్వంసం చేసిన తుఫాను 1996 నవంబరు 6న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటాయి. కనుక ఇక్కడ బంతి పెంపకంలో నారును కాపాడుకోవడమే ముఖ్యమైన పని.

నారు పోయడం, నాటడం

అక్టోబరు రెండవ వారంలో విత్తనాలను మడిలో కాక తొట్టెలలో లేదా ట్రేలలో చల్లితే, తుఫాను హెచ్చరిక వచ్చినపుడు వసారాలోకి చేర్చుకోవచ్చును. విత్తనం వారం లోపల మొలకెత్తుతుంది. నీరు ఎక్కువైతే నారు మొదలు కుళ్ళి పడిపోతుంది. 25 నుండి 30 రోజుల నారును నవంబరు మధ్యలో, మొక్కకు మొక్కకు సుమారు అడుగున్నర ఎడముతో సాయంత్రం వేళ నాటాలి. సంకరజాతి పూల నుండి తీసిన విత్తనం తల్లి మొక్క గుణాలను నిలుపదు. అందువలన పైసంవత్సరానికి విత్తనం దాచుకొనేవారు నాటు రకాలను ఎంచుకోవాలి.

నేల, నీరు

ఇసుకలో బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి మడులను కొంత ఎత్తుగా చేయాలి. కొబ్బరి పొట్టును ముందుగా మంచినీటితో కడిగితే అందులోని ఉప్పు పోతుంది. ఉప్పునీటి బావి నీరు పనికిరాదు. గాలి వచ్చే వైపున సరుగుడు వరుస గాని, తాటాకు దడి గాని ఉండాలి. ఉప్పుగాలి గట్టిగా వీచిన మరునాడు ఆకులను మంచినీటితో కడగడం మంచిది.

సంరక్షణ

కొనమీద మొదటి మొగ్గ కనబడగానే తుంచివేస్తే పక్క కొమ్మలు వచ్చి పూలు ఎక్కువవుతాయి. పూత కొద్ది రోజులు ఆలస్యమవుతుంది కాబట్టి డిసెంబరు మధ్య తరువాత తుంచరాదు. ఎత్తైన మొక్కలకు కర్ర ఊతమివ్వాలి. వాడిన పూలను ఎప్పటికప్పుడు కోసివేస్తే పూత సాగుతుంది. పొడి వాతావరణంలో ఎర్రనల్లి ఆకుల అడుగున చేరుతుంది. తొలిదశలో నీటిని గట్టిగా చిమ్మితే తగ్గుతుంది.

ఉపయోగాలు

సంక్రాంతికి గుమ్మాల తోరణాలకు, గొబ్బెమ్మల అలంకరణకు బంతిపూలు వాడతారు. రేకుల నుండి తీసే ల్యూటీన్ అనే పసుపు వర్ణకాన్ని కోళ్ళ దాణాలో కలుపుతారు. బంతి వేళ్ళలోని రసాయనాలు నేలలోని నులిపురుగులను తగ్గిస్తాయి. అందుచేత వంగ, టమాటా మడులలో బంతిని వేయడం ఆ పంటలకూ మేలు చేస్తుంది.