బ్రెయిన్‌వాష్ అనేస్తే సరిపోతుందా?

ఎవరింటి అమ్మాయైనా ఉన్నట్టుండి ఏ ఆశ్రమంలోనో చేరిపోయిందంటే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఎవరో బ్రెయిన్‌వాష్ చేసుంటారు" అని. 1970ల్లో అమెరికా, కెనడాల్లో కూడా అచ్చంగా ఇదే మాట. కొందరు తల్లిదండ్రులైతే మనుషుల్ని పెట్టి, ఎదిగిన పిల్లల్ని ఎత్తుకొచ్చి, గదిలో బంధించి నమ్మకం వదిలించబోయారు. దానికి డీప్రోగ్రామింగ్ అని పేరు! మనిషంటే ఫార్మాట్ కొట్టేస్తే బాగుపడే డిస్కు అనుకున్నారు కాబోలు.

మాంట్రియల్‌కి చెందిన సోషియాలజిస్టు సూసన్ పామర్ వేరే ప్రశ్న వేసింది. అసలు ఈ ఆడవాళ్ళకి అక్కడ దొరుకుతున్నదేంటి? ఆ ప్రశ్న పట్టుకుని ఆయా గుంపుల మధ్యే తిరిగి, వాళ్ళతో మాట్లాడి, 1994లో "మూన్ సిస్టర్స్, కృష్ణ మదర్స్, రజనీష్ లవర్స్" అనే పుస్తకం తెచ్చింది. అందులో ఏడు గుంపుల కథ ఉంది.

ఆవిడ గమనించిన తేడాలు చూడండి. ఇస్కాన్‌లో ఆడా మగా వేరు వేరు, మగవాడిది పైచేయి. రజనీష్ దగ్గరా ఇద్దరూ వేరే, కానీ ఆధ్యాత్మికంగా ఆడవాళ్ళే పైన. 1981-85 మధ్య ఒరెగాన్‌లో నడిచిన రజనీష్‌పురంలో పెత్తనం చాలావరకు వాళ్ళదే. మూన్ చర్చిలో ఇద్దరూ చెరిసగం, పెళ్ళితోనే పూర్ణం. గ్రహాంతరవాసుల్ని నమ్మే రేలియన్లకైతే ఆడా మగా తేడా పైపై తొడుగు మాత్రమే.

ఇవన్నీ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. అందరినీ ఒకే మంత్రంతో పడేస్తున్నారంటే, ఒకరు తల్లి పాత్ర కోసం, ఇంకొకరు పెళ్ళీ పిల్లల గొడవే లేని జీవితం కోసం ఎందుకు వెళ్ళినట్టు? పామర్ జవాబు ఇదీ: బయట ఉద్యోగం, ప్రేమ, పెళ్ళి, పిల్లలు అన్నీ ఒకేసారి మీద పడి గజిబిజిగా ఉంది. ఈ గుంపులు ఒక్కో పాత్రని విడదీసి, గీత గీసి ఇచ్చాయి. చాలామంది కొన్నేళ్ళు ఆ పాత్రలో బతికి చూసి బయటికొచ్చేశారు కూడా.

బాగానే ఉంది. మరి అక్కడే పుట్టిన పిల్లల సంగతి?

ఆ ఏడింటిలో ఒకటి వెర్మాంట్‌లోని ఐలండ్ పాండ్ సమాజం. పిల్లల్ని బెత్తంతో కొడుతున్నారని 1984 జూన్‌లో పోలీసులు తెల్లవారుజామున దాడి చేసి 112 మంది పిల్లల్ని తీసుకెళ్ళారు. ఏ బిడ్డకి ఏం జరిగిందో విడిగా ఆధారాలు చూపలేదని జడ్జి అదే రోజు వాళ్ళని వదిలేశాడు. అదే సమాజం తర్వాత ట్వెల్వ్ ట్రైబ్స్ అయింది. 2013లో జర్మనీలో రహస్య కెమెరాకి బెత్తం దెబ్బలు దొరికాయి. సుమారు 40 మంది పిల్లల్ని ప్రభుత్వం తీసుకుంది. 2018లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కూడా అది తప్పు కాదంది.

పామర్ కూడా తర్వాత మెక్‌గిల్ యూనివర్సిటీలో ఇలాంటి గుంపుల్లో పెరిగే పిల్లల మీద పరిశోధన నడిపింది. "కల్టుల్ని వెనకేసుకొస్తుంది" అన్న నింద మాత్రం ఆవిడని వదల్లేదు.

నా మటుకు నాకు ఆవిడ పద్ధతే నచ్చింది. ఎదిగిన మనిషి "నేనే ఎంచుకున్నాను" అంటే ముందు కూర్చుని వినాలి. కానీ ఆ మాట అనే అవకాశం ఐదేళ్ళ పిల్లకి లేదు కదా? తల్లి ఎంపికని గౌరవించడం వేరు, బిడ్డ వీపు మీద వాతలు చూడకపోవడం వేరు. రెంటినీ కలిపేస్తే డీప్రోగ్రామింగ్ వాళ్ళకీ మనకీ పెద్ద తేడా ఉండదు. వాళ్ళు తల్లి మాట వినలేదు, మనం బిడ్డ మాట వినం. అంతే!