కల్లుపాక కచేరీశాల ఎందుకు కాలేదు: కువాలా లంగాట్ తోటల చరిత్రలో ఒక అధ్యాయం

మలేషియాలోని సెలంగోర్ రాష్ట్రంలో ఉన్న కువాలా లంగాట్ జిల్లాకు బంటింగ్ ప్రధాన పట్టణం. సమీపంలోని జుగ్రాలో సుల్తాన్ అబ్దుల్ సమద్ సమాధి, 1905లో పూర్తయిన సుల్తాన్ అలావుద్దీన్ సులేమాన్ షా రాజభవనం ఉండటం వల్ల ఈ ప్రాంత చరిత్రను చాలాకాలం రాజవంశ చరిత్రగానే రాశారు. రబ్బరు, కొబ్బరి తోటల్లో బతికిన తమిళ, తెలుగు కుటుంబాల సామాజిక జీవితం మాత్రం కూలీల ఇళ్ల వరుసలు, గుడి, కల్లుపాక అనే మూడు చోట్ల సాగింది. ఇంగ్లండులో శిథిలమైన పబ్బులు కొన్ని సంగీత ప్రదర్శనశాలలుగా మారి కొత్త జీవితం పొందగా, తోటల్లోని కల్లుపాకకు అలాంటి అవకాశం ఎందుకు దక్కలేదో పరిశీలిస్తే, తోట వ్యవస్థ స్వభావం కూడా బోధపడుతుంది.

నిర్ణీత కాలం పనిచేస్తామని ఒప్పందం రాయించుకుని కూలీలను తెచ్చే పద్ధతి మలయాలో, అంటే నేటి మలేషియా ద్వీపకల్పంలో, 1910లో ముగిసింది. ఆ తరువాత ఊరి నుంచి తనవాళ్లను వెంటబెట్టుకొచ్చే కంగాణీ, అంటే కూలీల మేస్త్రీ, ద్వారా సాగిన వలసలు 1938లో భారత ప్రభుత్వం విధించిన నిషేధంతో నిలిచిపోయాయి. ఇలా వచ్చినవారికి తోటలో చట్టబద్ధంగా, చౌకగా దొరికిన మత్తుపానీయం కొబ్బరికల్లు. విచ్చుకోని కొబ్బరి పూగుత్తిని గీసి దించిన నీరా గాలిలోని ఈస్టు వల్ల కొద్ది గంటల్లోనే పులిసి కల్లవుతుంది, మరునాటికి పుల్లబడి వెనిగరు వైపు మళ్లుతుంది. ఏ పూట దించిన సరుకును ఆ పూటే అమ్మాల్సి రావడంతో కల్లుపాక దినచర్య పని ముగిసే వేళకు కట్టుబడి ఉండేది.

తోటల్లోని కల్లుపాకలు ప్రభుత్వ అనుమతితో, తోట యాజమాన్యం అధీనంలో నడిచేవి. అమ్మకం మీద వచ్చిన లాభాన్ని ‘కల్లు నిధి’గా, అంటే కూలీల సంక్షేమానికి వెచ్చించాల్సిన సొమ్ముగా, వేరుగా ఉంచే ఏర్పాటు ఉండేది. కూలీ తాగిన కల్లు డబ్బులో కొంత అతని పేరిటే తిరిగి ఖర్చయినా, ఆ ఖర్చును నిర్ణయించే అధికారం అతనికి లేదు. అందుకే 1941లో పొరుగునున్న క్లాంగ్ ప్రాంతంలో ఆర్. హెచ్. నాథన్ వంటి నాయకుల ఆధ్వర్యంలో సమ్మె జరిగినప్పుడు, చీనా కూలీలతో సమాన వేతనం, వైద్య సదుపాయాలు, పిల్లలకు చదువు వంటి కోరికలతోపాటు కల్లుదుకాణాలను మూసివేయాలన్న కోరిక కూడా చేరింది. ఆ సమ్మెను సైన్యంతో అణచివేశారు గాని, కల్లుపాకను పరాధీనతకు గుర్తుగా చూసే దృష్టి సంస్కరణ ఉద్యమాల్లో బలపడింది.

తోటల్లో పాటకు మాత్రం లోటు లేదు. అయితే అది ప్రధానంగా గుడి ముంగిట పెరిగింది. అమ్మవారి ఉత్సవాల్లో తప్పెట, ఉరుమి అనే డప్పు వాద్యం ముఖ్యంగా సాగే ఉరుమి మేళం మోగేవి. తెలుగు కుటుంబాలున్న తోటల్లో రామభజన మందిరాలు వెలిశాయి. 1955లో మలయా ఆంధ్ర సంఘంగా ఏర్పడి తరువాత మలేషియా తెలుగు సంఘమైన సంస్థ కూడా భాషతోపాటు పండుగలను నిలబెట్టే పని చేసింది. సంస్కర్తలు వదిలించుకోవాలన్న చోటు ఒకటి, సమాజం తనదిగా భావించిన చోటు మరొకటి కావడంతో, సంగీతం సహజంగానే రెండవ చోటికి చేరింది.

ఇంగ్లండులో పరిస్థితి భిన్నం. అక్కడ 2003 నాటి చట్టం రాకముందు, ప్రత్యేక అనుమతి లేని పబ్బులో ఇద్దరికి మించి సంగీతకారులు వాయించడానికి వీలుండేది కాదు. 2012లో వచ్చిన ప్రత్యక్ష సంగీత చట్టం, మద్యం అమ్మకానికి అనుమతి ఉన్న చోట 200 మంది లోపు శ్రోతలతో రాత్రి 11 గంటల వరకు జరిగే కచేరీలకు వేరే అనుమతి అవసరం లేకుండా చేసింది, 2015లో ఆ సంఖ్య 500కు పెరిగింది. అయినా అద్దెలు, స్థలాల విలువ పెరిగి వేదికలు మూతపడటం ఆగకపోవడంతో, సంగీత వేదికల పరిరక్షణకు ఏర్పడిన సంస్థ ప్రజల పెట్టుబడితో భవనాలనే కొనే పద్ధతి చేపట్టి, 2023లో ఆథర్టన్‌లోని స్నగ్ అనే వేదికను సొంతం చేసుకుంది. చట్టం వెసులుబాటు ఇచ్చినా, స్థలం పరుల చేతిలో ఉంటే పాట నిలవదని అక్కడివారు గ్రహించారు.

కువాలా లంగాట్ కల్లుపాకకు మొదటి నుంచీ లోపించింది ఈ స్థల హక్కే. కూలీ ఇల్లు, కల్లుపాక రెండూ కంపెనీ భూమిలోవే కావడం వల్ల, రబ్బరు పోయి ఆయిల్‌పామ్ వచ్చినప్పుడు, తోటలు ఇళ్లస్థలాలుగా, పరిశ్రమలుగా మారినప్పుడు, వాటిలో దేనినీ నిలుపుకొనే హక్కు నివాసులకు లేకపోయింది. పక్క జిల్లా సెపాంగ్‌లో ఆయిల్‌పామ్ తోటల స్థానంలో నిర్మించిన అంతర్జాతీయ విమానాశ్రయం 1998లో మొదలైన తరువాత ఈ ప్రాంతమంతటా భూమి మీద ఒత్తిడి మరింత పెరిగింది.

నేడు బంటింగ్‌లో పాతబడిన అంగడిని సంగీతశాలగా మార్చదలచినవారు 1995 నాటి సెలంగోర్ వినోద చట్టం ప్రకారం స్థానిక పాలకమండలి అనుమతి పొందాలి, మద్యం అమ్మదలిస్తే దానికి వేరే అనుమతి కావాలి. ఈ అనుమతులు వచ్చినా, దీర్ఘకాల కౌలు గాని సొంత హక్కు గాని లేకుండా చేసే మరమ్మతు మరొకరి ఆస్తి విలువను పెంచడానికే పనికివస్తుందని తోటల చరిత్ర చెబుతోంది. గుడుల ఆవరణలు, సంఘ భవనాలు ఇప్పటికీ కచేరీలకు ఆధారంగా ఉండటానికి కారణం భక్తి ఒక్కటే కాదు, వాటి నిర్వహణ సమాజం చేతిలో ఉండటం కూడా.