కారు టాప్ క్యారియర్‌పై ప్యాడిల్ బోర్డు రవాణా

నిలబడి తెడ్డు వేసే గట్టి ప్యాడిల్ బోర్డు సాధారణంగా 10 నుంచి 12 అడుగుల పొడవుంటుంది. బరువు తక్కువే, ఇబ్బందంతా గాలితోనే. కారు పరుగెత్తేటప్పుడు బోర్డు ముందుభాగం కిందికి గాలి దూరి దాన్ని పైకి లేపుతుంది. వేగం రెట్టింపైతే ఆ తోపు నాలుగింతలవుతుంది. చిన్న కారు క్యారియర్‌లో అడ్డకడ్డీలు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి పట్టు మరీ తక్కువ. అందుకే కడ్డీలకు మెత్త చుట్టి, బోర్డును బోర్లించి, కింది రెక్క పైకి, కారు ముందువైపుకు వచ్చేలా పెడతారు. అడ్డంగా రెండు బెల్టులు వేశాక ముందు కొసను బానెట్ వైపు తాడుతో కట్టి తీరాలి. బెల్టును ఒక మెలి తిప్పితే గాలికి మోత పెట్టదు. చేత్తో ఊపితే బోర్డు, కారు కలిసి కదలాలి. అంతకుమించి బిగిస్తే లోపలి ఫోమ్ నొక్కుకుపోతుంది.

బాన్సువాడ నుంచి మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయానికి వెళ్లేవారికి స్పీడ్ బ్రేకర్లే పెద్ద పరీక్ష. కుదుపులకు కట్లు వదులవుతాయి. కాస్త దూరం పోగానే ఆగి మళ్లీ బిగించుకోవాలి. వరికోతలప్పుడు రోడ్డుపై ధాన్యం ఆరబోస్తారు, అక్కడ సడన్ బ్రేకు వేస్తే బోర్డు ముందుకు జారుతుంది. పరిమితికి మించి సరుకు బయటికి పొడుచుకొస్తే 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా. ఎండాకాలంలో బోర్డును కారుపైనే వదిలేస్తే పై పొర ఉబ్బి ఊడుతుంది. గాలి తీసి చుట్టే రకమైతే డిక్కీలోనే పడుతుంది.