చెయ్యి కరువైన చేలో పుట్టిన డ్రోన్

2020 మే నెల ఆరంభం. దేశంలో జనమంతా ఒకే దిక్కుకు నడుస్తున్న రోజులవి. హైదరాబాద్, ముంబయి, సూరత్ నగరాల నుంచి వలస కూలీలు మూటాముల్లే నెత్తిన పెట్టుకుని సొంతూళ్ల దారి పట్టారు. ఆ ప్రవాహానికి ఎదురుగా ఒక రైలు వచ్చింది. బీహార్‌లోని ఖగారియాలో బయల్దేరి హైదరాబాద్ లింగంపల్లి స్టేషన్‌లో ఆగింది. దాంట్లోంచి దిగిన రెండు వందల మందికి పైగా మనుషులు తెలంగాణ రైసు మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు. హోలీకి ఊరెళ్లి లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయిన వాళ్లను ప్రభుత్వమే ప్రత్యేక రైల్లో రప్పించింది. పౌర సరఫరాల మంత్రి స్టేషన్‌కు వెళ్లి మరీ వాళ్లకు స్వాగతం చెప్పారు.

మంత్రి ఎదురెళ్లడానికి కారణముంది. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాల్లో రాశులు పోసి ఉన్నాయి. మిల్లు దగ్గర బస్తా దించే మనిషి లేకపోతే లారీ ఖాళీ కాదు. లారీ తిరిగి రాకపోతే కేంద్రంలో వడ్లు కదలవు. ఈలోగా ఒక్క వాన పడితే ఆరు నెలల కష్టం మొలకెత్తిపోతుంది. చేను నుంచి కంచం దాకా సాగే ఈ దారిలో ప్రతి మలుపులోనూ ఒక మనిషి చెయ్యి ఉందని మనకు మహమ్మారి కళ్లకు కట్టినట్టు చూపించింది. ఆ చెయ్యి లేనప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం కరోనా కంటే పాతది. ఇప్పుడు మన పొలాల మీద ఎగురుతున్న డ్రోన్ ఆ పాత ప్రశ్నకు వచ్చిన జవాబే.

పేరు తేనెపట్టులోంచి

ఇంగ్లీషులో డ్రోన్ అంటే పోతుటీగ. తేనె తేవడం, పట్టు కట్టడం దాని పని కాదు. రాణి ఈగ వెంట ఎగరడమే దాని బతుకు. 1935లో బ్రిటన్ ఒక చిన్న శిక్షణ విమానాన్ని రేడియోతో నడిచేలా మార్చి, గురి సాధనకు లక్ష్యంగా వాడుకుంది. దానికి పెట్టిన పేరు ‘క్వీన్ బీ’, అంటే రాణి ఈగ. ఆ తర్వాత అమెరికా నౌకాదళం అలాంటి విమానాలకు డ్రోన్ అని పేరు పెట్టడానికి ఈ రాణి ఈగే ప్రేరణ అంటారు. తుపాకీ గుండ్లు తినడానికి పుట్టిన యంత్రం అన్నం పెట్టే పనికి మళ్లడానికి అరవై ఏళ్లు కూడా పట్టలేదు.

తోపు మీద 54 సెకన్లు

గాలిలోంచి మందు కొట్టాలన్న ఆలోచన డ్రోన్ కంటే ముందుది. 1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ట్రాయ్ ఊరి దగ్గర, ఆరెకరాల కటాల్పా తోపును గొంగళి పురుగులు ఆకు మిగల్చకుండా తినేస్తున్నాయి. సైనిక పైలట్ లెఫ్టినెంట్ జాన్ మెక్‌రెడీ విమానాన్ని చెట్ల కొసలకు దగ్గరగా నడిపాడు. పక్కన బిగించిన రేకు తొట్టిని రూపొందించింది ఎటియెన్ డార్మాయ్. అందులోంచి లెడ్ ఆర్సనేట్ పొడి గాలివాలుకు తోపు మీదికి రాలింది. చెట్ల మీద ఎగిరింది మొత్తం కలిపి 54 సెకన్లే, పురుగు మాత్రం కుప్పలుగా రాలిపడింది. ఆ రోజు నుంచి విమానం సేద్యపు పనిముట్లలో ఒకటైంది. కానీ నేలను రాసుకుంటూ ఎగిరే పైలట్‌కు ప్రతి చెట్టూ ప్రతి కరెంటు తీగా గండమే. పైగా విమానం తిరగాలంటే వందల ఎకరాల మైదానం కావాలి. గట్లు గట్లుగా చీలిన ఆసియా వరి మడులకు అది సరిపోదు.

బైకుల కంపెనీకి వరి రైతుల పిలుపు

అసలు మలుపు జపాన్‌లో వచ్చింది. యుద్ధం తర్వాత అక్కడి పల్లె యువకులు ఫ్యాక్టరీలకు పోయారు. మడుల్లో మిగిలింది ముసలి రైతులు. 1958 నుంచి పెద్ద హెలికాప్టర్లతో వరికి మందు కొట్టడం మొదలుపెట్టినా, ఊళ్లు పెరిగి పొలాల మధ్యకు ఇళ్లు వచ్చేసరికి అది కష్టమైంది. మోత ఎక్కువ, మందు పక్కింటి మీద పడుతుంది. దాంతో వ్యవసాయ శాఖ అనుబంధ సంఘం 1983లో యమహా కంపెనీకి ఒక పని అప్పజెప్పింది: మనిషి ఎక్కనక్కర్లేని, గట్టు మీంచి నడపగల చిన్న హెలికాప్టర్ కావాలి.

బైకుల ఇంజన్లు తెలిసిన ఆ కంపెనీ 1987లో ఆర్-50ని బయటికి తెచ్చింది. 20 కిలోల బరువు మోస్తుంది. మందు కొట్టడానికి పనికొచ్చిన తొలి మానవరహిత హెలికాప్టర్ అదే. అయితే దాన్ని గాలిలో కుదురుగా నిలపడం మహా కష్టం. వంపును తానే సరిచేసుకునే వ్యవస్థను 1995లో జతచేశాకే మామూలు రైతు చేతికి అది అలవాటైంది. 1997లో వచ్చిన ఆర్-మ్యాక్స్ జపాన్ వరి పొలాల్లో రోజువారీ దృశ్యమైంది.

ఈ చరిత్రలో నన్ను కదిలించేది ఒక్కటే. పెద్ద పెద్ద కమతాల్లో కూలీ ఖర్చు తగ్గించుకుందామని కనిపెట్టిన యంత్రం కాదిది. మందు పంపు మోయలేని వయసులో ఉన్న సన్నకారు వరి రైతు కోసం కనిపెట్టింది. మన గోదావరి, కృష్ణా డెల్టాల మడులకు దగ్గరి చుట్టం.

ఆర్-మ్యాక్స్ ఖరీదు మాత్రం మన రైతు ఊహకందనిది. ఆ అడ్డు తొలగించింది ఒక రకంగా సెల్‌ఫోనే. ఫోన్లు కోట్లలో తయారవడంతో వంపును పసిగట్టే చిప్పులు, జీపీఎస్, తేలికపాటి బ్యాటరీలు చవకయ్యాయి. వాటితో ఒక పెద్ద రెక్క బదులు నాలుగో, ఆరో, ఎనిమిదో చిన్న రెక్కల కరెంటు డ్రోన్లు వచ్చాయి. 2015 నవంబరులో చైనా కంపెనీ డీజేఐ ప్రకటించిన ఆగ్రస్ ఎంజీ-1కు ఎనిమిది రెక్కలు. పది కిలోల మందునీళ్లు మోస్తుంది. ఇప్పుడు మన ఊళ్లలో తిరుగుతున్నవి చాలావరకు ఈ కోవవే.

మహమ్మారి పెట్టిన పరీక్ష

2020లో ఈ యంత్రాలకు మొదట అప్పజెప్పిన పని సరైనది కాదు. చైనా నగరాల్లో, తర్వాత మన హైదరాబాద్‌తో సహా అనేక చోట్ల పొలాల డ్రోన్లలో క్రిమిసంహారక ద్రావణం నింపి వీధుల మీద చల్లారు. ఆరుబయట అలా చల్లడం వల్ల వైరస్ అదుపు కాదని, మనుషులకు హాని కూడా జరగొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే మే నెలలో చెప్పింది.

నిజమైన పరీక్ష ఎడారి వైపు నుంచి వచ్చింది. సరిగ్గా అప్పుడే మిడతల దండు పాకిస్తాన్ మీదుగా రాజస్థాన్‌లోకి దిగింది. మహారాష్ట్ర దాకా రావడంతో తెలంగాణ సరిహద్దు జిల్లాలు కూడా కాపలా కాశాయి. మిడత పగలంతా ఎగిరి చీకటి పడగానే చెట్ల మీద వాలుతుంది. తెల్లారి ఎండ ఎక్కేలోపే మందు కొట్టాలి. ట్రాక్టరు మీది పంపు చెట్టు కొస అందుకోదు. ఇసుక దిబ్బల మీదికి ట్రాక్టరే పోదు. ఆ పనికి డ్రోన్లు దించారు. జైసల్మేర్, బాడ్మేర్, జోధ్‌పుర్, బికనేర్, నాగౌర్ జిల్లాల్లో అవి పనిచేశాయి. మిడతల అదుపునకు డ్రోన్లు వాడిన తొలి దేశం మనదేనని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది.

అందులో ఒక పాఠం దాగి ఉంది. యంత్రం అప్పటికే మార్కెట్లో ఉంది. పొలం మీద మందు కొడుతూ ఎగరడానికి మాత్రం మామూలుగా అనుమతి లేదు. దండు నెత్తి మీదికి వచ్చాక ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. ఆపద వచ్చాక అనుమతి పత్రం రాసుకోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే.

చేను నుంచి కంచం దాకా సాగే దారిలో రెండో కొసన, అంటే గడప దగ్గర, ముందే సిద్ధంగా ఉన్న ఊళ్లు ఏం చేయగలిగాయో చూడండి. అమెరికాలోని క్రిస్టియన్స్‌బర్గ్‌లో వింగ్ సంస్థ 2019 అక్టోబరులోనే డ్రోన్ డెలివరీ మొదలుపెట్టింది. లాక్‌డౌన్ రోజుల్లో రొట్టెలు, సరుకులు తాడుకు కట్టి పెరట్లోకి దింపింది. ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో 2018 నుంచి తిరుగుతున్న స్టార్‌షిప్ ఆరు చక్రాల రోబోలు గడప దాటలేని వాళ్లకు కిరాణా చేరవేశాయి. మన దేశంలో అలాంటి ఏర్పాటు ఆ తర్వాతే వచ్చింది: 2024 ఆగస్టులో భువనేశ్వర్‌లో ‘అన్నపూర్తి’ అనే ధాన్యపు ఏటీఎం పెట్టారు. వేలిముద్ర వేస్తే అయిదు నిమిషాల్లో యాభై కిలోల దాకా తూకం వేసి పోస్తుంది. రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. రేషన్ షాపు ముందు బారులు తీరిన 2020 నాటి జనం గుర్తొస్తే దాని విలువ అర్థమవుతుంది.

మన గట్ల మీదికి

2020 తడబాటు తర్వాత పనులు వేగంగా నడిచాయి. 2021 ఆగస్టులో కొత్త డ్రోన్ నిబంధనలు వచ్చాయి. మరుసటి నెల వికారాబాద్‌లో ‘మెడిసిన్ ఫ్రమ్ ద స్కై’ పేరిట డ్రోన్లు మందుల పెట్టెలు మోశాయి. పురుగుమందు చల్లడానికి పాటించాల్సిన పద్ధతులను కేంద్రం 2021 డిసెంబరులో విడుదల చేసింది. తెలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు రెండూ పొలాల్లో పరీక్షలు చేసి, పైలట్లకు శిక్షణ కూడా చేపట్టాయి. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 1,261 కోట్ల రూపాయలతో ‘నమో డ్రోన్ దీదీ’ పథకాన్ని ఆమోదించింది. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లివ్వాలన్నది లక్ష్యం. ధరలో 80 శాతం, ఎనిమిది లక్షల రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. సంఘంలో ఒకరికి పదిహేను రోజుల శిక్షణ ఉంటుంది.

కృష్ణా డెల్టాలో ఒక పొద్దున గట్టు మీద నిలబడి ఆ పని చూశాను. డ్వాక్రా సంఘం అమ్మాయి బకెట్లో మందు కలిపి, గుడ్డతో వడగట్టి, పది లీటర్ల ట్యాంకులో పోసింది. పొలం నాలుగు మూలలూ తెర మీద గుర్తు పెట్టింది. తుమ్మెదల గుంపులా రొద చేస్తూ డ్రోన్ లేచింది. వరి మీద నిలువెత్తు పైన సాళ్లు తోలినట్టు పోయి వస్తుంటే, రెక్కల గాలికి పైరు పాయలుగా విచ్చుకుని ఆకు అడుగు తెల్లగా కనబడింది. ఎకరం ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. అదే ఎకరానికి తైవాన్ పంపు వీపున వేసుకుంటే నూట యాభై, రెండొందల లీటర్ల నీళ్లు మోయాలి. మోకాటి లోతు బురదలో, మొహం మీదికి కొట్టే మందు తుంపరలో నడవాలి. మందు కొట్టొచ్చి వాంతులతో మంచం పట్టిన కూలీలు లేని ఊరు మనకు లేదు. ఆ వీపుల మీంచి దిగిన బరువు ఒక్కటి చాలు, ఈ యంత్రానికి నేను చేతులెత్తి మొక్కడానికి.

రెండో ఎకరం సగంలో ఉండగా గాలి లేచింది. ఆ అమ్మాయి డ్రోన్‌ను వెనక్కి పిలిచి దించేసింది. “ఇంకాస్తేగా తల్లీ, కానిచ్చెయ్” అన్నాడు పొలం ఆసామి. “కుదరదు బాబాయ్, అవతల రొయ్యల చెరువుంది. తుంపర అటు పోతే రొయ్య మిగలదు” అంది. గాలి తగ్గేదాకా ముగ్గురం గట్టు మీదే కూర్చున్నాం.

ఆ ‘కుదరదు’ అన్న మాట ఏ యంత్రమూ అనలేదు. ఏ పైరుకు ఏ మందు, ఎంత గాలి, పక్కన ఎవరి చెరువు అన్నది ఆ ఊరి మనిషికే తెలుస్తుంది. మిల్లులో బస్తా దించడానికి ఇప్పటికీ హమాలీ రావాల్సిందే. పంపు మోసి బతికిన కూలీకి ఈ కొత్త పని నేర్పే బాధ్యతా మనదే. మళ్లీ ఏదో ఒక మహమ్మారి వస్తుంది. దారులు మూసేసిన ఆ రోజున దూరపు నగరం నుంచి డ్రోనూ రాదు, పైలటూ రాడు. పని నేర్చిన మనిషి, బ్యాటరీలు ఎక్కించి ఉన్న యంత్రం అప్పటికే ఆ ఊళ్లో ఉండాలి.

అరగంటకు గాలి తగ్గింది. ఆ అమ్మాయి పిడికెడు మట్టి పొడి చేసి గాలిలోకి వదిలింది. అది నిలువునా రాలింది. “ఇప్పుడు లేపుదాం బాబాయ్” అంటూ కొత్త బ్యాటరీ బిగించింది.